ఇరుముడిలో ఇంకో గుప్పెడు

బందరు

చిన్నోడా,

నేనూ అయ్యప్ప మాల వేసుకున్నాను. యాభై దాటింది కదా, ఇప్పుడు నన్నూ శబరిమల ఎక్కనిస్తారు. పెద్దపాదం దారిలో వెళ్తున్నాం, అడవిలో రెండు రోజుల నడక. నెల నుంచీ మంగినపూడి రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచి అలవాటు చేసుకున్నాను.

ఈ ఉదయం గురుస్వామిగారింట్లో నాకు ఇరుముడి కట్టారు. ఆ మూటలో ఇంటివాళ్ళు బియ్యం వెయ్యాలి. నీ ఇరుముడి నాడు, అమ్మ లేదు కాబట్టి నన్ను రమ్మన్నావు. "చేపల బజారుకి వెళ్ళాల్రా, కుదరదు" అన్నాను. ఆ రోజు నేను బజారుకి వెళ్ళలేదు. దీక్ష పేరుతో నలభై రోజులు చేపల వేట మానేశావన్న కోపంతో తలుపేసుకుని ఇంట్లోనే కూర్చున్నాను. మరుసటి ఏడే నిన్ను సముద్రం తీసుకుపోయింది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

నాకు బియ్యం వెయ్యడానికి నీ భార్య వచ్చింది. మూడు గుప్పెళ్ళు వేసి ఆగింది.

"ఆ రోజు ఆయన మీకోసం గంటసేపు మూట కట్టనివ్వలేదు వదినా. పాపం, అక్కకి బేరాలు తెమిలి ఉండవు అన్నారు" అంది. "ఆయన పేరున ఇంకో గుప్పెడు వెయ్యనా?"

నిజం చెప్పేద్దామనుకున్నాను. చుట్టూ అందరూ శరణు చెబుతున్నారు. వెయ్యమని అడిగే మొహం నాకు లేదు. ఇరుముడి మూతి మాత్రం మూయకుండా పట్టుకున్నాను.

మీ పెద్దక్క