పైడమ్మ తోటలో బొగ్గు గ్యాసు

రాయపూర్,
14 మార్చి 1943

చిరంజీవి భీమారావుని అమ్మమ్మ పార్వతమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం ఖరగ్‌పూర్ హోటలు కూడు మీద ఆధారపడి ఉంది గనక దేవుణ్ణి కాస్త గట్టిగానే అడుగుతున్నాను.

ముందు నీ తప్పు దిద్దాలి. పెట్రోలు ఇంజను పొగతో నడవదని రాశావు. పొగతో అని నేనెక్కడ రాశాను? బొగ్గు గ్యాసుతో అన్నాను. ఆ గ్యాసు కంటికి కనబడదు, అంటిస్తే నీలంగా మండుతుంది. వర్క్‌షాపులో అప్రెంటిసువి, ఆ మాత్రం తెలియాలి.

మన క్వార్టర్ల వెనక కూరగాయలు పండించే పైడమ్మ నీళ్ళ ఇంజనుకి, యుద్ధం పేరు చెప్పి పెట్రోలు కూపన్లు ఆపేశారు. వంగమొక్కలు వేలాడిపోయాయి. ఆ తోట పోతే ఆవిడకీ ఇద్దరు పిల్లలకీ వేరే కూడు లేదు. నేను బొగ్గు గ్యాసు మీద సర్కారువారి ఇంగ్లీషు కరపత్రం చదివి తెలుగులో చెబుతుంటే, రిటైరైన ఫిట్టరు నూకరాజు పని చేశాడు. పాత ఇనుము అమ్మే కబాడీ దుకాణంలో నూనె పీపా తెచ్చి కొలిమి చేశాడు. గాలి కొద్దిగానే అందేలా కింద ఒక కన్నం. కట్టెబొగ్గు అరకొరగా కాలితే పుట్టిన గ్యాసు పొడుగాటి గొట్టంలో చల్లారి, తడి కొబ్బరిపీచు కూరిన డబ్బాలో మసి వదిలి, ఇంజనులోకి పోతుంది. అక్కడ గాలి కలిపే మూత ఎంత తెరవాలన్నదే అసలు విద్య. వాసన లేని విషం గనక అంతా ఆరుబయటే పెట్టించాను.

అడుగున మిగిలిన పెట్రోలుతో ఇంజను లేపి, మెల్లిగా గ్యాసుకి తిప్పాడు. దగ్గింది, తుమ్మింది, తర్వాత నడిచింది. పైడమ్మ దణ్ణం ఎవరికి పెట్టాలో తెలియక పీపాకి పెట్టింది.

అయితే పెట్రోలు నాటి బలం లేదు. నీళ్ళు చివరి మడి దాకా పోలేదు. మర్నాడు నూకరాజు కట్టెబొగ్గు తీసేసి రైలింజనుకి వేసే రాక్షసి బొగ్గు పోశాడు. మన రైల్వేవాళ్ళ బుద్ధే అంత, ఆ బొగ్గుతో నడవనిది లోకంలో లేదనుకుంటాం. గంటసేపు ఏనుగులా లాగింది. తర్వాత తారు పట్టి వాల్వు అతుక్కుపోయింది.

తప్పు నూకరాజుదేనని వీధంతా అన్నారు. అతను పానాలు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. మూడు రోజులైంది. ఆ వాల్వు బాగుచేయగలవాడు ఇక్కడ మరొకడు లేడు. పైడమ్మ బిందెలతో మోస్తోంది. ఇంకో వారం ఇలాగే ఎండ కాస్తే తోట ఉండదు.

ఇట్లు,
నీ అమ్మమ్మ
పార్వతమ్మ

తా.క.: రాక్షసి బొగ్గు పోయమన్నది నేను. తారు పడుతుంది అమ్మగారూ అని నూకరాజు రెండుసార్లు చెప్పాడు. "ముప్పయ్యేళ్ళు రైలింజన్లు బాగుచేసి ఇస్త్రీవాడి బొగ్గు పట్టుకు వేలాడతావేం?" అని పైడమ్మ ముందే అన్నాను. పెద్దదాన్నని ఊరుకుని పోశాడు. తప్పు అతనిదని వీధిలో మొదట అన్నదీ నేనే.

శనివారం ఎలాగూ వస్తున్నావు. వాల్వు అరగదీసే పేస్టు డబ్బా ఒకటి అక్కడి బజారులో కొను. బండి దిగి మనింటికి రాకు. తిన్నగా నూకరాజు ఇంటికెళ్ళి, డబ్బా అతని చేతికిచ్చి, తప్పు మా అమ్మమ్మదని చెప్పు. వాళ్ళావిడ వినేలా చెప్పు. సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది, నాకు ఇల్లిల్లూ తిరిగే పని తప్పుతుంది.