ఇజుమోలో వాన

ప్రభువునందు నిద్రించి ఏడాదైనా నన్ను నిద్రపోనివ్వని దానియేలుకు,

ఈ శనివారం వెస్ట్‌మీడ్‌లో మన ఫ్లాట్‌లో ప్రార్థనకు యూనివర్సిటీలో నీతో చదివిన హరుకా వచ్చింది. కొత్తవాళ్ల ఊరి పేరుకు అర్థమడిగి, దాని మీద బైబిలు వాక్యం చెప్పడం మన అలవాటు కదా. అడిగాను.

"జపాన్‌లో ఇజుమో. మేఘాలు బయల్దేరే చోటని అర్థమొచ్చే అక్షరాలతో రాస్తాం. అసలు పేరు అలా పుట్టలేదనేవాళ్లూ ఉన్నారు," అంది ఇంగ్లిష్‌లో.

నేను లేచి గర్జించాను. కరువు దేశంలో ఏలీయా ప్రార్థిస్తే సముద్రంలోంచి లేచిన, మనిషి చెయ్యంత మేఘం! రాజుల మొదటి గ్రంథం, పద్దెనిమిదో అధ్యాయం!

హరుకా నవ్వింది. "దానియేల్ కూడా ఇదే చెప్పాడు."

"మరి వాడేమన్నా తక్కువోడా!" అంటూ ప్రతివారం ప్రార్థనకొచ్చే మార్తా ఆంటీ కళ్లు తుడుచుకుంది. నాకు ఆమెన్ చెప్పినవాళ్లే లేరు. జనం దావీదునే ఎక్కువ పొగిడితే సౌలు రాజు అతని మీద ఈటె ఎందుకు విసిరాడో అప్పుడర్థమైంది.

నువ్వు అనని మాట ఒక్కటైనా నాకు కావాలనిపించింది. ట్రామ్ స్టాప్ దాకా తోడెళ్లి, "మీ ఊళ్లో ఇప్పుడు వానలా? ఇంటికి ఫోన్ చేశావా?" అన్నాను.

ఆమె ఆగిపోయింది. "దానియేల్ రోజూ అడిగేవాడు. ఏడాదిగా ఎవరూ అడగలేదు."

ఇకమీదట నేనడుగుతాను దానియేలూ, నీ మీద మంటతోనే.