ఫోను చెప్పిన ఉగ్గాని

మంగళవారం, నల్లగండ్ల

నా వంటల వెబ్‌సైట్‌కి మనుషులు రావడం తగ్గిపోయింది. దాని మార్కెటింగ్ చూసే సునీత, "ఇప్పుడు సెర్చ్‌లో ఏఐయే మన సైట్లలోంచి తీసుకుని జవాబు పైనే ఇచ్చేస్తోందండి. సైట్ ఎవరూ తెరవట్లేదు" అంది.

సాయంత్రం లిఫ్టులో పై అంతస్తు మమత కనిపించింది.

"ఆంటీ, ఇయ్యాల ఉగ్గాని చేసిన. నానిన బొరుగుల్ని చంటిపిల్ల తల తుడిచినట్టు మెల్లగ పిండాలంట. మస్తు కుదిరింది!"

ఆ మాట నాది. మా పాపకు తల తుడుస్తుంటే తట్టింది, సైట్‌లో రాశాను.

"ఎవరు రాశారమ్మా?"

"ఏమో ఆంటీ, ఫోన్ల వచ్చింది."

నేనేనని చెప్పబోయి ఆగిపోయాను. మెప్పు అడుక్కున్నట్టుంటుందనిపించింది. ఇంతలో మా అంతస్తు వచ్చింది, దిగిపోయాను.

ఇప్పుడేమో ఆ ఉగ్గాని ఒక్క ముద్ద రుచి చూడాలని ఉంది. వెళ్ళి మమత తలుపు కొడితే, ఎందుకొచ్చానని చెప్పాలో...