రెండు చారల రాయి

తోనామె, నోతో
నవంబరు 9, 2024

పెద్దలు కురాబయాషి మాస్టారికి,
హత్సుయో తలవంచి నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం.

ఇక్కడ చలిగాలి మొదలైంది. అలలు రాళ్ళకి కొట్టుకుని నురగ గాల్లోకి లేచే రోజులు వచ్చేశాయి. కనాజవాలో మీరూ అమ్మగారూ కులాసా అని తలుస్తాను. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అడగటం మర్యాద కాబట్టి అడిగాను గానీ, ఈ ఏడు మీ మోకాలి మీద నాకంత బెంగ లేదు.

మేం ఇంకా ప్రభుత్వం కట్టించిన రేకుల ఇంట్లోనే ఉన్నాం. గోడలు ఎంత పల్చనంటే, పక్కింటాయన దగ్గితే మా ఆయన సకుజి ఇక్కణ్ణించే మందు వేసుకున్నావా అని అడుగుతాడు. పొద్దున్నే లేచి పడవ దగ్గరికి పోతాడు. పడవ రేవులోనే ఉంది, నీళ్ళే లేవు. ఒరిగిపోకుండా రెండు పక్కలా దుంగలు ఆనించి పెట్టాడు. ఇంజను తుడిచి, మూత బిగించి ఇంటికొస్తాడు. ఎందుకయ్యా ఈ చాకిరీ అంటే, రేవు తవ్వుతారుగా, అప్పుడు కావాలిగా అంటాడు.

మీరు మొదటిసారి మా ఇంట్లో దిగినప్పుడు నేను కొత్తకోడల్ని. మా అత్తగారు మిమ్మల్ని రాళ్ళాయన అనేది. చేపలు పట్టడు, పొలం దున్నడు, రాళ్ళని నాకి చూస్తాడు, వీడికి పిల్లనెవడిస్తాడే అని మీ వెనకాల నవ్వేది. అయినా మీ గిన్నెలో చేపముక్క మాత్రం అందరికంటే పెద్దది పడేది. ఆ తర్వాత మీరు రాని వేసవి లేదు. భోజనాల దగ్గర మీరు చెప్పే కబుర్ల కోసం, సముద్రంలో మునిగి రాళ్ళకి అతుక్కున్న అవాబి చిప్పలు తీసే మా ఆడవాళ్ళు తడిజుట్టుతోనే మా ఇంటికొచ్చి కూర్చునేవాళ్ళు.

జపాన్ దేశం ఒకప్పుడు ఖండానికి అంటుకునే ఉండేదనీ, నేల చిరిగి విడిపోతే ఆ సందులోకి నీళ్ళు వచ్చి మన సముద్రం అయిందనీ చెప్పారు. ఇప్పుడు రెండు వైపుల నుంచీ నేల పలకలు నొక్కుతున్నాయి, ఆనాటి చిరుగులే మళ్ళీ కదులుతున్నాయి, అందుకే ఈ నోతో నేల పైకి లేస్తోంది అన్నారు. అప్పుడు నాతో మునిగే తొమికో ఊరుకుందా? అయితే అచ్చం మా ఆయనేనండీ, విడిపోయినట్టే పోయి మళ్ళీ వచ్చి మీద పడటం అంది. మీరు నవ్వి నవ్వి చారు ఒలకబోసుకున్నారు.

రేవు మొగలో ఉన్న రాయి దగ్గరికి మిమ్మల్ని పడవలో తీసుకెళ్ళింది నేనే. నీటి అంచున తెల్లగా పెచ్చుకట్టిన గొట్టం పురుగుల గూళ్ళు చూపించి, ఇవి సముద్రం మట్టం దగ్గర తప్ప ఇంకెక్కడా బతకవమ్మా అన్నారు. తర్వాత తలెత్తి పైకి చూశారు. మన తలల మీద, చూరులా ముందుకొచ్చిన రాతి కింద, అదే తెల్లచార ఇంకొకటి ఉంది. ఎండిపోయి, రాయిలో రాయైపోయి. వేల ఏళ్ళ కిందట సముద్రం అక్కడుండేది, నేల ఒక్క ఊపున లేచింది అన్నారు. నన్ను పడవలో నిలబెట్టి దాన్ని ముట్టుకోమన్నారు. ముట్టుకున్నాను మాస్టారూ. ఎప్పటిదో సముద్రం చేతికి తగిలినట్టయింది. కళ్ళు చెమర్చాయి. ఎందుకో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను.

జనవరి ఒకటిన, కొత్త సంవత్సరం పూట, భూకంపానికి ఇళ్ళు మీద పడుతుంటే మేమంతా కొండ మీది వరిమళ్ళలోకి పరిగెత్తాం. ఆ మళ్ళు కూడా ఒకనాటి సముద్రం అడుగేనని మీరే చెప్పారు. కింద చూస్తే సముద్రం వెనక్కి పోతోంది. పోయిందంటే తిరిగొచ్చి ఊరిని మింగుతుందని పిల్లల్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాం. అది తిరిగి రాలేదు. తెల్లారాక తెలిసింది, సముద్రం ఎక్కడికీ పోలేదు, మేమే రెండు నిలువుల ఎత్తు లేచామని. రేవు ఎండిపోయింది. నేను ఊపిరి బిగబట్టి, చేత్తో తడుముకుంటూ తిరిగిన సందులన్నీ పట్టపగలు బయటపడ్డాయి. మా అమ్మ నాకొక్కదానికే చూపించిన అవాబి చిప్పల గూట్లో పిల్లులు కూర్చుని తింటున్నాయి. ఆ చలికాలమంతా ఊరు కుళ్ళునాచు కంపు కొట్టింది.

నెల తిరక్కుండా మీరొచ్చారు. మేం బడిలో నేల మీద పడుకుంటున్నాం. మమ్మల్ని పలకరించి నేరుగా ఒడ్డుకి పోయారు. పొడుగు బూట్లతో, ఆ మోకాలితోనే, ఎండిన రాళ్ళ మీద కుర్రాడిలా గంతులేశారు. కొలకర్ర ఆనించి, కింది చార కూడా లేచింది చూడండి హత్సుయో గారూ, వేల ఏళ్ళకొకసారి జరిగేది మన కళ్ళ ముందు జరిగింది, ఎంత అదృష్టం అన్నారు. తర్వాత నా మొహం చూసి టోపీ తీసి క్షమించమన్నారు. క్షమాపణ నిజమే, కాదనను. కానీ ముందు నవ్వొచ్చింది మీకు.

కిందటి నెల ఊరి మీటింగులో రేవు పనులు చూసే ఆఫీసరుగారు చెప్పింది విన్నాం. నీటిదాకా రాయి కొట్టి దారి చేస్తే రేవు బతుకుతుందట. దారి తీయడానికి వీలున్నది ఆ రాయి ఉన్న చోటేనట. కానీ కొత్త చారా పాత చారా ఒకే రాయి మీద కనబడే చోటు ఇంకెక్కడా లేదు, దాన్ని జాతీయ సంపదగా కాపాడాలి, ఉలి తగలనివ్వకండి అని మీరు రాసిచ్చారట. ఆ రెండు చారలూ ఉన్నంతకాలం మా చేతులు కట్టేసినట్టేనమ్మా, పడవలు పక్క ఊరి రేవుకి మార్చుకోండి అన్నారు ఆఫీసరుగారు. పక్క ఊరికి పడవలు పోతే వెనకాలే మనుషులూ పోతారు. తొమికో లేచి, నీ మాస్టారికి మన ఊరి కంటే పురుగుల గూళ్ళు ఎక్కువయ్యాయటే, ఇన్నేళ్ళు మేపావు కదా అంది.

మీకు ఫోన్ చేశాను. గుర్తుందిగా? రేవు ఎక్కడైనా కట్టుకోవచ్చు హత్సుయో గారూ, ఆ రాయి ఇంకొకటి దొరకదు అన్నారు. నేను, మా ఊరు మాత్రం ఇంకొకటి దొరుకుతుందా అన్నాను. దానికి మీరు, నేల కాలంతో పోలిస్తే ఊళ్ళు ఎంతసేపమ్మా అన్నారు. నిజమే అయ్యుంటుంది. కానీ మాకున్న కాలం అదొక్కటే. మా అన్నం తింటూ మీరు ఇది తెలుసుకోలేదంటే నాకు ఏడుపొస్తోంది.

వచ్చే వారం సర్కారు పెద్దల్ని వెంటబెట్టుకుని ఆ రాయి చూపించడానికి వస్తున్నారట. మీ మాట వెనక్కి తీసుకోమని బతిమాలడానికి ఈ ఉత్తరం రాయట్లేదు. బతిమాలడం ఫోన్లోనే అయిపోయింది. రండి. భోజనం మాత్రం ఈసారి మా ఇంట్లో లేదు. చలికి మోకాలికి గుడ్డ చుట్టుకోండి.

ఇట్లు,
హత్సుయో

తా.క.: అసలు సంగతి రాయకుండానే సంతకం పెట్టేశాను. పరాయివాళ్ళ నోట వినేకంటే నా నుంచి వినడం నయం. నిన్న మధ్యాహ్నం మునిగే ఆడవాళ్ళమంతా అవాబిలు ఊడబెరికే ఇనప ఉలులు పట్టుకుని ఆ రాయి దగ్గరికి వెళ్ళాం. కింది చార మొత్తం గోకేశాం. ఇక అక్కడ కొలవడానికేమీ లేదు. పై చార దగ్గరికొచ్చేసరికి అందరూ ఆగి నా వంక చూశారు. అదెంత పాతదో వాళ్ళకి చెప్పుకుని మురిసింది నేనే కదా. నువ్వు ఇంటికి పోవే, నేను కానిస్తాలే అని తొమికో ఉలి ఎత్తింది. నేను ఒప్పుకోలేదు. నిచ్చెన వేయించుకుని ఎక్కి, ముందు ఒకసారి చేత్తో తడిమి, దాన్ని నేనే గోకాను. ఇంకొకరి చేతికి వదలడానికి నాకు మనసొప్పలేదు మాస్టారూ.