మేస్త్రీ ఇంట్లో కుండీ

అమ్మా, ఇక్కడ అందరం కులాసా, నువ్విచ్చిన అగ్లోనిమా మొక్క తప్ప. కంగారుపడకు, చావలేదు. ఆకులు పండిపోయి మొదలు మెత్తబడింది, అంతే.

తప్పంతా మట్టిదే అనుకున్నాను. పెరటి మట్టి బిగుసుకుపోతుందని కొబ్బరిపొట్టు, ఇసుక, ఆకుల ఎరువు కలిపి గుల్లగా పోశాను. అదీ బురదయింది. నర్సరీ అతనితో పోట్లాడి ఇంకో మట్టి తెచ్చి మార్చాను. అదీ బురదే. నిన్న విసుగొచ్చి కుండీ తిరగేసి చూద్దును కదా, అడుగున కన్నం సిమెంటుతో పూడ్చి ఉంది, అద్దంలా నున్నగా. లోపల కన్నం మీద పెంకు పెడతాం కనక నాకు ఇన్నాళ్ళూ కనబడలేదు.

ఇంకెవరు, నీ అల్లుడుగారే. అడిగితే, “నేను కట్టిన ట్యాంకు ఒక్కటీ కారదు. తాపీమేస్త్రీ ఇంట్లో కుండీ కారుతుంటే నలుగురూ నవ్వరూ?” అన్నారు. ఆ కన్నం ఉన్నదే కారడానికని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఉలితో మళ్ళీ కన్నం కొట్టారు గానీ, చేసిన పని పాడుచేయించానని నామీద అలక.

నీ దగ్గరున్నది ఎండకు పోయింది కదా, అమ్మమ్మ మొక్కల్లో ఇదొక్కటే మిగిలింది. ఆవిడ మట్టిలో బొగ్గుముక్కలు వేసేదా, ఇటుకముక్కలా? వెంటనే రాయి. నాన్న కళ్ళజోడు బాగుచేయించారా? తమ్ముడికి నా ఆశీస్సులు.

మీ స్నానాలగది గోడ చెమ్మగిల్లుతోందని విని, మీ అల్లుడుగారు వచ్చే వారం తాపీ పట్టుకుని వస్తానంటున్నారు. ఈలోగా నీ కుండీలన్నీ మేడ మీద దాచెయ్యి.

నీ కూతురు