ఐనార్ సోల్బర్గ్ ఎన్నడూ చూడని ఆట

టోలిన్, మిన్నెసోటా
ఫిబ్రవరి 3, 1987

స్టకీ గారికి,

మీరు పంపిన ఓటు కాగితం అందింది. ఖాళీగానే తిప్పి పంపుతున్నాను. కారణం చెప్పడం మర్యాద.

ఉత్తర మైదాన కాలేజీల బాస్కెట్‌బాల్ గురించి టోలిన్ వారపత్రికలో "ఐనార్ సోల్బర్గ్" పేరుతో ముప్పై ఏళ్లు రాసింది నేను కాదు. నా భార్య సిగ్నే. ఆటల పేజీలో ఆడవాళ్ల పేరు వేస్తే చందాదారులు పత్రిక మానేస్తారని అప్పటి సంపాదకుడు భయపడ్డాడు. మా ఇంట్లో వాడకుండా పడి ఉన్న మగపేరు నాదొక్కటే. ఆమె అది తీసుకుంది.

సిగ్నే నవంబరులో పోయింది. నేను హైస్కూల్లో రసాయన శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మీ ఆట ఒక్కసారి కూడా చూడలేదు. ఏటి మేటి ఆటగాణ్ణి ఎంచడం నాకు చేతకాదు.

ఒక్క కోరిక. మీ దగ్గర నా పేరున్న ప్రతిచోటా ఆమె పేరు రాయండి.

ఇట్లు,
ఐనార్ సోల్బర్గ్

తా.క.: కాగితం మీద మొదటి వరుసలో "క్రౌస్, లేలండ్" అని ఉంది. ఇందులో కుర్రవాడెవరో, ఊరేదో కూడా నాకు తెలియదు.

---

ఉత్తర మైదాన కాలేజీల కాన్ఫరెన్స్
అధ్యక్షుల కార్యాలయం
ఫిబ్రవరి 9

ప్రియమైన సోల్బర్గ్ గారూ,

ముందుగా మీ శ్రీమతి మరణానికి మా అందరి సంతాపం. ఎముకలు కొరికే చలిలో కూడా ఆవిడ అచ్చయిన మీ వ్యాసం కవర్లో పెట్టి మాకు తెచ్చేవారు. మూడో వరుసలో కూర్చుని స్వెట్టరు అల్లుకునేవారు. "మీ ఆయన రాలేదా అమ్మా?" అంటే, "ఆయనకి జనమంటే బెరుకు. కారులో కూర్చున్నారు" అనేవారు. ముప్పై ఏళ్లుగా మేమంతా ఆ కారుకేసి చెయ్యి ఊపుతూనే ఉన్నాం.

ఇక మీ ఉత్తరం. "మీ ఆట ఒక్కసారి కూడా చూడలేదు!" ఇంత దుఃఖంలోనూ ఈ చమత్కారం మీకే చెల్లింది. పొట్ట పట్టుకుని నవ్వాం. ఖాళీ ఓటు మాత్రం పిడుగే. ఈ ఏడు అర్హుడెవరూ లేడని సోల్బర్గ్ తీర్పిచ్చారని కోచ్‌లందరికీ పాకిపోయింది. లేలండ్ కాలేజీ కోచ్ తన డ్వేన్ క్రౌస్‌ని పిలిచి, "చూశావుట్రా! ఆటకి ముప్పై పాయింట్లు కొడితే సరా? ఆ పెద్దాయన కంటికి నువ్వు ఆననేలేదు" అని ఆడనివ్వకుండా బెంచీ మీద కూర్చోబెట్టాడు. కుర్రాడు ఏడ్చాడట.

ఇప్పుడు శుభవార్త. ఈ ఏటినుంచి మేటి ఆటగాడి బహుమతికి మీ పేరు పెడుతున్నాం. "ఐనార్ సోల్బర్గ్ పురస్కారం." మార్చి 7న, ఫైనల్ అయ్యాక, మీ చేతుల మీదుగా.

భవదీయుడు,
రోలండ్ స్టకీ

తా.క.: ఇన్నాళ్లూ మీకు చెప్పలేదు. మీ శ్రీమతి ఒకసారి రెఫరీ మీదకి ఊలుండ విసిరారు. "అబ్బాయీ, అవి కళ్లా, చొక్కా గుండీలా?" అన్నారు. మీ మీద గౌరవంకొద్దీ బయటికి పంపలేదు.

---

టోలిన్
ఫిబ్రవరి 16

స్టకీ గారికి,

నేను చమత్కారం రాయలేదు. నాకు రాదు.

ఆ కారులో ఎవరూ లేరు. నేను ఇంట్లో పిల్లల జవాబు పత్రాలు దిద్దుకుంటూ ఉండేవాణ్ణి. ఆమె వచ్చి బూట్ల మీది మంచు దులుపుకుంటుంటే "ఎవరు గెలిచారు?" అని అడిగేవాణ్ణి. "గెలిచినవాళ్ల పేరు బోర్డు మీదే ఉంటుంది, ఐనార్. ఓడినవాళ్లు బస్సెక్కుతుంటే చూడాలి" అనేది. కాఫీ పెట్టుకుని రాయడానికి కూర్చునేది. గురువారం ఆ మాట నా పేరు కింద అచ్చయ్యేది.

క్రౌస్ ఏడ్చాడని చదివాక కుదురుగా ఉండలేకపోయాను. శనివారం లేలండ్ వెళ్లాను. మంచు చప్పుడు లేకుండా పడుతోంది. తలుపు తెరిస్తే లోపలంతా తేనెరంగు వెలుతురు. బంతి పైకి లేచి, ఒక్క క్షణం ఎవరిదీ కాకుండా ఆగింది. బంతి నేలకు తగిలే చప్పుడు నాకు కొత్త కాదు. ఈ మధ్య మధ్యాహ్నం కునుకులో రోజూ వింటున్నాను. సిగ్నే వంటింట్లో బంతి కొడుతూ తిరుగుతుంటుంది. నావైపు చూడదు. నా తల మీదుగా ఎక్కడో ఉన్న స్కోరు చూస్తుంటుంది. పిలిస్తే ఆట ఆగిపోతుందని పిలవను.

మూడో వరుసలో కూర్చున్నాను. పక్కనున్న లావుపాటి రైతు, "పెద్దాయనా, అది అల్లికలావిడ చోటు. జరుగు" అన్నాడు.

"ఆమె మా ఆవిడ."

"ఓరి నీ! కారులో మనిషివి నువ్వేనా? ఇన్నాళ్లకి దిగావన్నమాట!" అని పేలాలు సగం నా ఒళ్లో కుమ్మరించాడు. మైదానంకేసి చూస్తూ, "ఆవిడ లేకపోయేసరికి రెఫరీలకి కొమ్ములొచ్చాయయ్యా" అన్నాడు.

క్రౌస్‌ని చివర్లో దింపారు. పొడుగ్గా ఉన్నాడు. పడ్డాడు. లేచాడు. తనను పడేసినవాణ్ణి కూడా లేపాడు. నా ఓటు అతనికే. దయచేసి బెంచీ మీంచి లేపమనండి.

బహుమతికి నా పేరు వద్దు. సిగ్నే పేరు పెట్టండి.

ఇట్లు,
ఐనార్ సోల్బర్గ్

తా.క.: ఆమె అల్లినవి నా స్వెట్టర్లే. ఆట అదనపు సమయానికి వెళితే స్వెట్టరు చెయ్యి పొడుగయ్యేది. 1974 ఫైనల్ నాకిప్పటికీ వేళ్లు దాటి వేలాడుతుంది.

---

అధ్యక్షుల కార్యాలయం
ఫిబ్రవరి 20

ప్రియమైన సోల్బర్గ్ గారూ,

క్రౌస్ బెంచీ మీంచి లేచాడు. "పొడుగ్గా ఉన్నాడు. పడ్డాడు. లేచాడు." ఇంత క్లుప్తంగా ఆటగాణ్ణి పట్టుకున్నవాడు ఈ దేశంలో లేడు. ఆ మూడు వాక్యాలూ పెద్దక్షరాల్లో అచ్చువేయించి మన కాన్ఫరెన్స్‌లోని తొమ్మిది కాలేజీల్లోనూ అతికించాం. కోచ్‌లు ఇప్పుడు పిల్లలకి పడడం కూడా నేర్పిస్తున్నారు.

రాసిందంతా భార్యే అనడం ఎంత గొప్ప మనసు! ఆఫీసులో కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు. ప్రతి గొప్ప రచయిత వెనకా ఒక ఇల్లాలు ఉంటుందని ఊరికే అన్నారా? అందుకే కార్యక్రమ పత్రంలో ఒక వాక్యం కలిపాం: "కాఫీతో, స్వెట్టర్లతో ఆయన కలానికి వెచ్చదనమిచ్చిన శ్రీమతికి కృతజ్ఞతలు."

ట్రోఫీ మీద పేరు చెక్కడానికి మార్చి 2, సోమవారం ఇస్తున్నాం. మీ ఫొటో ఒకటి పంపండి. మీ మొహం ఎవరమూ చూడలేదు. కారు మాత్రం అందరం గుర్తుపడతాం.

భవదీయుడు,
రోలండ్ స్టకీ

తా.క.: మీ ఉత్తరం మా ఆవిడ చదివింది. "చూసి నేర్చుకో" అంది. రెండు రోజులుగా గిన్నెలు నేనే కడుగుతున్నాను. ఇక ముందు ఇలాంటివి రాసేటప్పుడు తోటి మగవాళ్లను కూడా కాస్త తలుచుకోండి.

---

టోలిన్
ఫిబ్రవరి 25

స్టకీ గారికి,

ఇది చివరి ఉత్తరం.

పాఠకుల ఉత్తరాలు నా పేరుకే వచ్చేవి. సిగ్నే వాటిని నా కంచం పక్కన పెట్టేది. "నీ అభిమానులోయ్! విల్మార్ నుంచి ఒకావిడ నీకు జామ్ పంపింది. పెళ్లయిందా అని అడుగుతోంది" అనేది. ఇద్దరం నవ్వేవాళ్లం. జామ్ తినేవాళ్లం. అది తప్పనిగానీ, నా పేరుకు దక్కింది ఆమెకు తిరిగి ఇవ్వాలనిగానీ మాకు తోచలేదు. టైముందనుకున్నాం.

ఆమె సమాధి మీద పేరు, రెండు తేదీలు ఉన్నాయి. ఏం చేసిందో లేదు. మీ ట్రోఫీ మీద నా పేరు చెక్కితే ఆమె చేసింది ఇంకెక్కడా ఉండదు. చెక్కినదాన్ని నేను చెరపలేను. అందుకే అడుగుతున్నాను. ఇంతకంటే ఎలా అడగాలో నాకు తెలియదు. రాయగలిగిన మనిషి ఆమె.

మీ సభకు రాను.

ఐనార్ సోల్బర్గ్

తా.క.: రుజువు కావాలంటే ఇది. లేలండ్‌లో మైదానం మీద మనుషుల్ని లెక్కపెట్టాను. తెల్లచొక్కాలు ఐదు, ఎర్రచొక్కాలు ఐదు, చారలచొక్కాలు రెండు. చారలవాళ్లు మూడో జట్టు అనుకున్నాను. ఇంత తక్కువమందితో పాపం ఎలా గెలుస్తారా అని వాళ్ల తరఫునే చప్పట్లు కొట్టాను.

---

అధ్యక్షుల కార్యాలయం
మార్చి 3

సోల్బర్గ్ గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం స్టకీ గారిది కాదు. నిజానికి ఇంతకు ముందువీ కావు.

నేను ఆయన సెక్రటరీని. ఆయనకు టైపు రాదు. ఉత్తరాలు చదివే ఓపికా లేదు. మీ తాజా కలాలు మాత్రం నేను పైకి చదివితే వింటారు. "భలే మనిషి! నాలుగు మంచి ముక్కలు రాసి పడెయ్యి డార్లీన్" అని భోజనానికి వెళ్తారు. ఆ గిన్నెల సంగతి వగైరా ఆయన నోటి మాటలు. మిగతా ముక్కలు పంతొమ్మిదేళ్లుగా నావి. ఈ కాన్ఫరెన్స్ నియమాలు నేను రాశాను. ఆయన సంతాపాలు నేను రాశాను. పెళ్లిరోజుకి వాళ్లావిడకి ఇచ్చే కార్డు కూడా నేనే రాస్తాను. ఆవిడకి చాలా నచ్చుతుంది.

మీ మొదటి ఉత్తరానికి పొట్ట పట్టుకుని నవ్వింది నేను. "ప్రతి గొప్ప రచయిత వెనకా" అని టైపు చేసింది ఈ వేళ్లే. మీరు చెప్పింది నమ్మాల్సిన మనిషి మిన్నెసోటాలో ఒక్కరుంటే అది నేను. నేనే నమ్మలేదు. కింద మగవాడి పేరుంటే మగవాడే రాశాడనుకున్నాను. అదీ, మరో మగవాడి పేరు టైపు చేస్తూ!

మీరు రెఫరీలను మూడో జట్టనుకున్న సంగతి చదివితే స్టకీ గారు కుర్చీలోంచి జారిపడ్డారు. నాకు నవ్వు రాలేదు. అంత అమాయకత్వం ఎవరూ కల్పించలేరు. "ఈయన రాసింది నిజమండీ. పేరు మార్చాలి" అన్నాను. "నువ్వూ బుట్టలో పడ్డావా!" అని భోజనానికి వెళ్లిపోయారు.

నిన్న సంతకాల దొంతరలో ట్రోఫీ కాగితం కూడా పెట్టాను. ఆయన చదవరు. మధ్యాహ్నం చెక్కేవాడు ఫోన్ చేశాడు.

"డార్లీనమ్మా, మగపిల్లల కప్పు మీద ఆడపేరేంటి? పొరపాటేమో చూసుకో."

"కింద సంతకం ఎవరిది?"

"స్టకీ గారిది."

"మరింకేం. చెక్కు."

సాయంత్రం వెళ్లి చూసొచ్చాను. "సిగ్నే సోల్బర్గ్ పురస్కారం." లోతుగా చెక్కాడు. క్రౌస్‌కి ఓట్లన్నీ పడ్డాయి. ఆ కుర్రాడు దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుంటాడు. మీరు రావాలి.

డార్లీన్ వాచెక్
(ఈ ఆఫీసు కాగితం మీద ఇది నా మొదటి సంతకం. కొంచెం వంకర పోయింది, ఏమనుకోకండి.)

తా.క.: స్టకీ గారి గురించి దిగులు వద్దు. ఈ పేరు మొదటినుంచీ తన ఆలోచనేనని ఆయనే వేదికెక్కి చెబుతారు. సిగ్నే గారు ఎవరి పేరుతో, ఎందుకు రాయాల్సి వచ్చిందో కూడా వివరంగా చెబుతారు. ఆ ప్రసంగం ఇప్పుడే టైపు చేశాను. ఆయన దాన్ని మైకు ముందు నిలబడ్డాకే మొదటిసారి చదువుతారు.