మార్తా ఆంటీకి అబద్ధం చెప్పాను

బుధవారం రాత్రి, మిల్టన్, కెనడా

ఇన్సూరెన్స్ అమ్మడానికి కావాల్సిన ఒంటారియో లైసెన్స్ పరీక్ష ఈరోజు పాసయ్యాను. నాతోపాటు రాసిన మా చర్చి మార్తా ఆంటీ మూడోసారి ఫెయిలయ్యారు. రెండు నెలలుగా లైబ్రరీలో కూర్చోబెట్టి నాకు ప్రతి పాఠం అర్థమయ్యేలా చెప్పింది ఆవిడే.

బయటికొచ్చాక, "నీదేమైందమ్మా?" అని అడిగారు. ఆవిడ కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

"నాదీ పోయింది ఆంటీ," అనేశాను.

జాలితో అన్నాననుకున్నాను గానీ, కాదు. నిజం చెప్పి ఆ మొహం చూస్తూ నిలబడే ధైర్యం లేకపోయింది, అంతే.

ట్రైన్‌లో నా చెయ్యి పట్టుకుని అందరి ముందూ నాకోసం ప్రార్థన చేశారు. "నేనిక మానేద్దామనుకున్నానమ్మా. కానీ నిన్నొక్కదాన్ని ఎలా వదిలేస్తాను? ఇద్దరం మళ్ళీ రాద్దాం," అన్నారు. నేను ఆమేన్ కూడా అన్నాను. ఛీ.

ఇందాక ఫోన్ చేసి రేపు పదింటికి లైబ్రరీకి రమ్మన్నారు. నాకు కష్టమైన పాఠాలే ముందు మొదలుపెడతారట. వస్తానన్నాను. నిజం చెబితే ఆవిడ పరీక్ష మానేస్తారేమో. చెప్పకపోతే, ఆవిడ ఎదురుగా పుస్తకం తెరిచి, ఏమీ రానట్టు కూర్చోవాలి...